ముల్లు అబద్ధమాడితే ఇంజన్ ఖర్చు ఎవలు పెట్టుకుంటరు?

పెట్రోల్ బంకుల తక్కువ పోస్తున్నరన్న అనుమానమొస్తే మనం ఊకుంటమా? ఐదు లీటర్ల కొలత డబ్బా తెమ్మంటం. పంపు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా లేదా అని సూస్తం. కొనుగోలు సెంటర్ల వడ్లు జోకేకాడ బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తే రోడ్డు మీద కూసుంటం. కొలత విషయంల మన ఊర్లకు అంత పట్టింపు ఉన్నది. గనీ అదే మన పోరలు ఆన్‌లైన్ల బూస్ట్ మీటర్ తెప్పించుకొని, కారు అద్దం పక్క పిల్లర్‌కు బిగించి, ముల్లు ఎంత సూపెడితే అంతే నిజమని నమ్ముతున్నరు. ఆ ముల్లుకు ముద్ర కొట్టినోడు ఎవడు? ఎవ్వడూ లేడు. నేను అడుగుతున్న ముచ్చట గిదే.

ఇది పైసలున్నోల షోకు ముచ్చట అని పక్కకు పెట్టేటట్టు లేదు. 2020 ఏప్రిల్‌ల బీఎస్-6 వచ్చినప్పుడు మారుతి కంపెనీ డీజిల్ కార్లు బంజేసింది. అంతకుముందు అమ్మిన స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బండ్లు సెకండ్ హ్యాండ్‌ల చేతులు మారుకుంట మన మండలాలల్లకు వచ్చినయి. అవన్నీ టర్బో బండ్లే. ఇంకో దిక్కు కొత్తగా వస్తున్న చిన్న పెట్రోల్ కార్లల్ల గూడ ఒక లీటర్ టర్బో ఇంజన్లు వచ్చినయి. టర్బో అన్నది ఇప్పుడు ఊరి బండి. టాక్సీ నడుపుకునే తమ్ముడు ఫైనాన్స్‌ల బండి తెచ్చుకుంటడు, పికప్ పెరుగుతదని రీమ్యాప్ చేయించుకుంటడు, బూస్ట్ ఎంతొస్తుందో సూడటానికి మీటర్ పెట్టుకుంటడు. ఆ మీటర్ తప్పు సూపెడితే పోయేది షోకు కాదు, కిస్తీలు కట్టే బండి.

మీటర్ ఏం కొలుస్తది?

టర్బో గాలిని ఒత్తి ఇంజన్‌లకు పంపుతది. బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా ఎంత ఒత్తిందో అదే బూస్ట్. బార్‌లల్ల సూపెడతరు, లేకపోతే పీఎస్ఐల సూపెడతరు. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పీఎస్ఐ. కొన్ని జపాన్ తరీఖ మీటర్లు కేజీ లెక్కల సూపెడతయి. చదరపు సెంటీమీటర్‌కు ఒక కేజీ అంటే 0.98 బార్. తేడా చిన్నదే, గనీ ఒకడు బార్‌లల్ల చెప్పింది ఇంకొకడు కేజీలల్ల పట్టుకుంటే గందరగోళం ఆడికెల్లే మొదలైతది.

ఇగ తప్పులు ఏడికెల్లి వస్తయో ఒక్కొక్కటి సూద్దాం.

మొదటిది శాతం మాయ. డబ్బా మీద "3 శాతం తేడా" అని రాసి ఉంటది. వినటానికి మంచిగనే ఉంటది. గనీ దేంట్ల మూడు శాతం? సూపెడుతున్న అంకెలనా, డయల్ మొత్తంలనా? ప్రెషర్ మీటర్లల్ల మామూలుగా మొత్తం డయల్ మీదనే లెక్క. మైనస్ 1 నుంచి ప్లస్ 3 దాక ఉన్న మీటర్ అయితే మొత్తం నాలుగు బార్లు. దాంట్ల మూడు శాతం అంటే 0.12 బార్, దగ్గర దగ్గర పావు తక్కువ రెండు పీఎస్ఐ. ముల్లు 0.4 కాడ ఉన్నప్పుడు గూడ తేడా అంతే ఉండొచ్చు. అంటే ఆ అంకె మీద 30 శాతం తప్పు. డయల్ ఎంత పెద్దగుంటే తప్పుకు అంత జాగ దొరుకుతది. మీ బండి ఒకటింబావు బార్ దాటనప్పుడు మూడు బార్ల మీటర్ ఎందుకు? పెద్ద అంకెలు కనిపిస్తే బాగుంటదని, అంతకుమించి కారణం లేదు.

రెండోది ఎత్తు. కారుల ఉండే మ్యాప్ సెన్సర్ మొత్తం ఒత్తిడిని కొలుస్తది, అంటే బయటి గాలిని గూడ కలుపుకొని. బూస్ట్ తెల్వాలంటే దాంట్లకెల్లి బయటి గాలి ఒత్తిడిని తీసెయ్యాలె. సముద్రం ఒడ్డున అది 1.013 బార్. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తు మీద ఉన్నది, ఈడ గాలి ఒత్తిడి 0.95 దగ్గర ఉంటది. సస్తా మీటర్లు, ఫోన్ యాప్‌లు కొన్ని యాడున్నా 1.013 తీసేస్తయి. అప్పుడు హైదరాబాద్‌ల ప్రతి అంకె 0.06 తక్కువ వస్తది. ఇది చిన్న తప్పే. గనీ మన పోరలు ఇప్పుడు లద్దాఖ్ దాక బండ్లేసుకొని పోతున్నరు. లేహ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తు, ఆడ గాలి ఒత్తిడి 0.65 దగ్గర ఉంటది. ఆడ నిజం బూస్ట్ 1 బార్ ఉంటే గీ మీటర్ 0.64 అంటది. టర్బో పోయిందని భయపడి బూస్ట్ పెంచినోడు ఉన్న టర్బోను గూడ పోగొట్టుకుంటడు. పలుచటి గాలిల టర్బో ఎప్పటికన్న ఎక్కువ ఉరకాల్సి వస్తది, దానికితోడు మనం ఇంకింత ఉరికిస్తే బేరింగులు ఆగయి.

మూడోది ఓబీడీ డాంగిల్. స్టీరింగ్ కింద సాకెట్‌ల పెట్టి, బ్లూటూత్‌తోని ఫోన్‌ల సూసుకునే పరికరం. సస్తాది, మంచిదే, గనీ దానికొక గోడ ఉన్నది. మ్యానిఫోల్డ్ ఒత్తిడి అడిగే పాత స్టాండర్డ్ కోడ్ ఒక్క బైట్‌ల జవాబిస్తది, 0 నుంచి 255 కిలోపాస్కల్ దాకనే. 255 అంటే 2.55 బార్. దాంట్లకెల్లి బయటి గాలి తీసేస్తే ఒకటిన్నర బార్ చిల్లర. రీమ్యాప్ చేసిన డీజిల్ బండి అంతకుమించి పోయినా ఫోన్ల ఆ అంకె కాడనే ఆగుతది. "అన్నా, ఒకటిన్నరే వస్తుంది, సేఫ్" అనుకుంటడు తమ్ముడు. లోపల ఎంతున్నదో ఆ కోడ్‌కు చెప్పే తాకతే లేదు. పైగ డాంగిల్ సెకనుకు కొన్నిసార్లే చదువుతది. యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కినప్పుడు వచ్చే ఎక్కువ బూస్ట్ రెప్పపాటుల వచ్చి పోతది, దాన్ని పట్టుకోదు.

నాలుగోది బిగింపు. మీటర్ మంచిదే అయినా పైపు ఏడ తగిలిచ్చిండు అన్నది ముఖ్యం. ఇంటర్‌కూలర్‌కు ముందు తీస్తే అంకె ఎక్కువ వస్తది, ఎందుకంటే ఇంటర్‌కూలర్ దాటుకుంట వచ్చేటప్పుడు కొంత ఒత్తిడి తగ్గుతది. ఇంజన్‌కు అందేది మ్యానిఫోల్డ్ కాడ ఉన్నది. రబ్బరు పైపు వేడికి మెత్తబడి మడతపడితే ముల్లు ఆలస్యంగ లేస్తది. టీ జాయింట్ కాడ క్లిప్ లేకపోతే గాలి లీకైతది, అంకె తక్కువ వస్తది. ఎలక్ట్రానిక్ మీటర్ అయితే ఎర్తింగ్ సూడాలె. ఈ సెన్సర్లు ఎక్కువగ అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల నడుమ పనిచేస్తయి. మూడు బార్ల సెన్సర్‌కు ఎర్త్ సరిగ్గ లేక 0.1 వోల్టు తేడా వస్తే 0.075 బార్ తప్పు. సెన్సర్ ఖరాబైతే దుకాణంల దొరికింది ఏదో ఒకటి పెడతరు. రెండు బార్ల మీటర్‌కు మూడు బార్ల సెన్సర్ పెడితే ఇగ ఆ అంకెకు అర్థమే లేదు.

తప్పు ఏ దిక్కున్నా నష్టమే

అంకె ఎక్కువ సూపెడితే ఏమైతది? బూస్ట్ మస్తు వస్తుందని ఖుష్ అయితం, నిజంగ లీకేజీ ఉంటే తెల్వది, డీజిల్ బండి నల్ల పొగ కొడతది. తక్కువ సూపెడితే ఇంకా గోస. ఇంకింత పెంచమని ట్యూనర్‌ను అడుగుతం. పెట్రోల్ ఇంజన్‌ల నాకింగ్ మొదలైతది, డీజిల్‌ల పొగ వేడి పెరుగుతది, హెడ్ గాస్కెట్ మీద పడతది. కంపెనీ పెట్టిన ఈసీయూ ఉన్నదున్నట్టు ఉంటే బూస్ట్ హద్దు దాటంగనే పవర్ తగ్గించి బండిని కాపాడుతది. రీమ్యాప్ చేసేకాడ ఆ హద్దునే పైకి జరిపితే ఇగ కాపలా ఎవలు? ఆ తప్పుడు ముల్లే.

కానూన్ ఏమంటది?

స్పీడోమీటర్‌కు అంతర్జాతీయంగ ఒక నియమం ఉన్నది. ఐక్యరాజ్యసమితి వాహన నియమాలల్ల 39వది. అసలు స్పీడు కన్న తక్కువ సూపెట్టొద్దని దాంట్ల ఉన్నది. జర ఎక్కువ సూపెడితే నడుస్తది, తక్కువ సూపెడితే నడువది. ఎందుకంటే తప్పు జరిగితే మనిషి భద్రత దిక్కే జరగాలె. పరిశ్రమలల్ల వాడే ప్రెషర్ గేజ్ డయల్ మీద గూడ 1.0 అనో 1.6 అనో క్లాస్ నంబర్ ఉంటది, తప్పు ఎన్ని శాతం దాక ఉండొచ్చో అది చెప్తది. ఆన్‌లైన్ల వచ్చే బూస్ట్ మీటర్ డయల్ మీద ఏడు రంగుల లైట్లుంటయి గనీ గా నంబర్ మాత్రం చానా వాటి మీద కనవడది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, దిగుమతి చేసుకున్నోల పేరు, ఏ దేశంల తయారైందో రాయాలని నియమాలున్నయి. తప్పు ఎంతనో గూడ రాయమని అడగటానికి ఏం అడ్డం? కొలిచే వస్తువు అని అమ్ముతున్నప్పుడు కొలతకు జిమ్మెదారీ తీసుకోవాలె కదా.

ఇంకో దిక్కు, బండి మార్పుల మీద కానూన్ గట్టిగనే ఉన్నది. కంపెనీ చెప్పిన వివరాలకు, ఆర్సీల ఉన్నదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు మోటార్ వాహనాల చట్టానికి తెచ్చిన సవరణల, ఒప్పుకోని మార్పు చేస్తే ఓనర్‌కు మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేకపోతే ఆరు నెలల దాక జైలు, లేకపోతే రెండూ అని పెట్టిండ్రు. ఒక్క మీటర్ పెట్టుకునుడే నేరమని నేననను. గనీ మీటర్ ఏ పని కోసం పెడుతున్నమో ఆ రీమ్యాప్ సంగతి ఇన్సూరెన్సోల్లకు చెప్పకపోతే రేపు క్లెయిమ్ కాడ పేచీ వస్తది. ఇగో ఇంకోటి, సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లల్ల అది ఆ పిల్లర్ దగ్గర్నుంచే తెరుసుకుంటది. ఆడ మీటర్ బిగిస్తే అది అడ్డమన్నా పడతది, మొఖం మీదకన్నా ఎగురుతది.

ఇక్కడ నాకు అన్యాయం కనిపిస్తున్నది. మార్పు చేయించుకున్న తమ్మునికి జుర్మానా రాయటానికి చట్టం ఉన్నది. తప్పుడు మీటర్ అమ్మినోన్ని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. అసలు దారి లేదని కాదు. 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉన్న జిల్లాలనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు గూడ లేదు. 1915 నంబర్‌కు ఫోన్ కొట్టి ఫిర్యాదు చెయ్యొచ్చు. "3 శాతం" అని రాసి 20 శాతం తప్పు సూపెడితే అది తప్పుడు ప్రచారమే. గనీ ఆ తప్పును రుజువు చెయ్యాలె. ఎట్ల?

బాయి కాడ లెక్క తేలుతది

ల్యాబే కావాల్నని లేదు. పది మీటర్ల నీళ్ల లోతు అంటే 0.98 బార్, సరిగ్గ ఒక కేజీ లెక్క. ఐదు మీటర్లు అంటే 0.49 బార్, అంటే 7.1 పీఎస్ఐ. సన్న పైపు ఒకటి తీసుకొని కొసకు బరువు కట్టి, టేపుతోని కొలిచి నీళ్లల్ల ఐదు మీటర్లు దింపాలె. పై కొసకు టీ పెట్టి ఒక దిక్కు మీటర్, ఇంకో దిక్కు సైకిల్ పంపు తగిలియ్యాలె. మెల్లగ గాలి కొడితే పైపుల నీళ్లు కిందికి పోయి, కింది కొస కాడ బుడగలు లేస్తయి. బుడగలు లేసేకాడ ముల్లు 0.49 సూపెట్టాలె. 0.6 సూపెడితే మీటర్ కథ అర్థమైనట్టే. రెండు మూడు లోతుల కాడ సూసి రాసుకుంటే తప్పు ఏడ పెరుగుతున్నదో గూడ తెలుస్తది. ఒక్కలు మాత్రం పోవద్దు, గడ్డ మీద గట్టిగ నిలబడి చెయ్యాలె. మెట్లు లేని బాయి అయితే అసలే వద్దు.

అంతకన్న అల్కటి పరీక్ష, ఇంజన్ బందుపెట్టి తాళం ఆన్ చేసుడు. మీటర్ సున్నా సూపెట్టాలె. ఆడనే తేడా ఉంటే మిగిలిన అంకెలు నమ్మేటివి కావు. సున్నా కాడ సరిగ్గ ఉన్నంత మాత్రాన పైన గూడ సరిగ్గ ఉన్నట్టు కాదన్నది గూడ యాదుంచుకోవాలె. కేసు దాక పోవాలంటే హైదరాబాద్‌ల ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ ల్యాబులున్నయి, అండ్ల కాగితం తీసుకోవాలె.

నేను సర్కారును అడిగేది రెండే. కొలిచే మీటర్ అని అమ్మే ప్రతి దాని మీద తప్పు ఎంత, దేంట్ల శాతం అన్నది అచ్చు వెయ్యాలె. జిల్లాలల్ల ఐటీఐలకు ఒక ప్రెషర్ పరీక్ష పరికరం ఇచ్చి, తక్కువ ఫీజుకు మీటర్లు సూసిపెట్టే ఏర్పాటు చెయ్యాలె. ఆడ చదివే మెకానిక్ డీజిల్ పోరలకు అదొక పని, ఊరోల్లకు ఒక సౌలత్.

తమ్ముండ్లను అడిగేది ఒకటే. రీమ్యాప్ చేసేటోని కాడికి పోయినప్పుడు "ఎంత బూస్ట్ పెంచుతవ్?" అని అడిగే ముందు "నీ మీటర్‌ను దేంతోని సరిపోల్సినవ్?" అని అడగుండ్రి. జవాబు లేకపోతే బండి తాళం జేబుల పెట్టుకొని వాపస్ రాండ్రి.