'పర్వాలేదండీ' అనే జబ్బు

ఓర్పులో ఆడదాన్ని భూదేవితో పోల్చిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయనకి రోజుకి ఎనిమిదిసార్లు విరేచనాలు అయివుండవు.

మర్యాదగా లేదంటారా ఈ మాట? మర్యాదకి పోయి దాచుకున్న సంగతులవల్లే ఇంత చేటూ జరుగుతోంది. నేను చెబుతున్నది కేన్సరుకి ఇప్పుడిస్తున్న 'టార్గెటెడ్ థెరపీ' మాత్రల గురించి. దొరికిన కణాన్నల్లా చంపకుండా, జబ్బుకణాన్ని పెంచిపోషిస్తున్న ఫలానా ప్రోటీనుని గురిచూసి కొట్టే మందులివి. 2001లో అమెరికాలో ఇమాటినిబ్‌కి అనుమతి వచ్చాక ఒకరకం రక్తకేన్సరు, ఏళ్ళతరబడి మాత్రతో అదుపులో ఉండే జబ్బయింది. మందు గొప్పదే. కాదనను.

చిక్కల్లా 'మాత్రే కదా' అనడంలో ఉంది. సెలైన్ సీసా వేలాడదు. చాలామందికి జుట్టు పూర్తిగా రాలదు. గుండు చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే చుట్టాలే, జడ చూస్తే "వంట ఎన్నింటికవుతుంది?" అని అడుగుతారు.

జన్మలో సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకీ ఊపిరితిత్తుల కేన్సరు వస్తుంది. అందులో కొందరికి జెఫిటినిబ్, అఫాటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. అవి గురిపెట్టే ప్రోటీను మన చర్మంలోనూ పేగుల్లోనూ కూడా ఉంది. దెబ్బ అక్కడా తగులుతుంది. అందుకే మొదటి రెండు వారాల్లోనే చాలామందికి మొహంమీద, ఛాతీమీద మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. అవి మొటిమలు కావు. మొటిమల క్రీము రాస్తే చర్మం ఇంకా ఎండి మండుతుంది. పక్కింటి పిన్నిగారు సలహా చెప్పారని సున్నిపిండితో రుద్దితే చెప్పనే అక్కర్లేదు! తేమనిచ్చే క్రీము, ఎండలో గొడుగు, అవసరమైతే డాక్టరు రాసే డాక్సీసైక్లిన్, వీటితో చాలావరకు అదుపులో ఉంటాయి. చెబితేనే సుమండీ.

ఇంకొన్నాళ్ళకి కొందరికి గోరుచుట్లు లేస్తాయి. గోరుచుట్టుమీద రోకటిపోటు అన్న సామెత మనదే. ఆ వేళ్ళతోనే సబ్బునీళ్ళలో అంట్లు తోమించేదీ మనమే. కారం కలిపే చేతికి గ్లవుజు తొడుక్కుంటే "ఇదేం వేషం?" అనే ఇళ్ళు నాకు తెలుసు.

ఇక విరేచనాలు. రొమ్ము కేన్సరుకిచ్చే ఎబిమాసిక్లిబ్‌తో ఇది మామూలే. మొదటిసారి పల్చగా అవగానే లోపెరమైడ్ మొదలుపెట్టమని ఈ మందిచ్చేవాళ్ళు ముందే చెప్పాలి. ఎన్ని వేసుకోవచ్చో, ఏ స్థితిలో ఫోన్ చెయ్యాలో కాగితంమీద రాసివ్వాలి. రెండు నిమిషాల్లో పేషెంటుని పంపించేసే డాక్టర్లు ఆ కాగితమైనా ఇవ్వకపోతే, తర్వాత వచ్చే నీరసానికి ఆవిడ ఓర్పుని మెచ్చుకునే హక్కు వాళ్ళకి లేదు.

సరే, డాక్టరుగారు అడిగారే అనుకుందాం. "ఎలా ఉందమ్మా?" అని. "బాగానే ఉందండీ, అన్నం తింటోంది" అంటాడు పక్కన కూచున్న భర్త. ఈవిడ తలూపుతుంది. మగవాళ్ళముందు పొట్ట సంగతి ఏం చెబుతాం, పైగా చెబితే మందు ఆపేస్తారేమో! ఈ భయం ఒక్కటే నాకు న్యాయంగా తోస్తుంది. కాని దానికి జవాబుంది. ఎబిమాసిక్లిబ్ 150 మిల్లీగ్రాములు పడకపోతే 100, అదీ పడకపోతే 50 అని మెట్లు ముందే కట్టివుంచారు. అఫాటినిబ్‌కీ 40, 30, 20 ఉన్నాయి. నాలుగురోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టడమూ వైద్యంలో భాగమే. మెట్టు దిగడం ఓడిపోవడం కాదు.

మరి ఓర్చుకున్నావిడ ఏం చేస్తుంది? ఓర్చుకుని ఓర్చుకుని, పెళ్ళికి వెళ్ళాలనో, బస్సెక్కాలనో, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తుంది. వారంలో రెండుసార్లు, తర్వాత మూడుసార్లు. జబ్బు పెరిగితే డాక్టరు మందు పనిచెయ్యలేదనుకుంటారు. పనిచేసే మందుని అలా చేజేతులా పోగొట్టుకోవడాన్నేనా మనం ఓర్పని పొగుడుతున్నది?

చెప్పడంవల్ల ఒరిగేదేమిటనేవాళ్ళకి ఒక లెక్క. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ కేన్సర్ సెంటర్‌లో 766 మంది రోగుల్ని రెండు జట్లు చేశారు. వాళ్ళు కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళే గాని, నీతి మనకీ వర్తిస్తుంది. ఒక జట్టు తమ బాధల్ని ఎప్పటికప్పుడు కంప్యూటర్లో రాస్తే, బాధ ముదిరినప్పుడల్లా నర్సులకి కబురు అందేది. రెండో జట్టుకి మామూలు వైద్యమే. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, రాసినవాళ్ళు సగటున 31 నెలలు బతికితే, రెండోవాళ్ళు 26 నెలలు. బాధ చెప్పుకున్నందుకు అయిదు నెలలు! ఆ అయిదు నెలల్లో ఎన్ని పండగలొస్తాయో లెక్కపెట్టుకోండి.

కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే మాత్రం కాగితాలూ కలాలూ వెతక్కండి. అరుదుగానే అయినా కొన్ని మాత్రలు ఊపిరితిత్తుల్ని వాపెక్కిస్తాయి. ఆరోజే ఫోన్ చెయ్యాలి.

మిగతావాటికి వంటింటి కేలెండరు చాలు. పాలవాడు రాని రోజుకి సున్నా చుడతామే, ఆ గడిలోనే ఎన్నిసార్లు వెళ్ళారో, మాత్ర వేసుకున్నారో లేదో రాసుకోండి. నెల తిరగ్గానే ఆ కాగితం చింపి డాక్టరుగారి బల్లమీద పెట్టండి. మీవారు "బాగానే ఉందండీ" అనబోతే, బల్లకింద కాలు తొక్కండి.