గ్యారంటీ ఎవరికి?

యాకుత్‌పురా స్టేషన్‌లో పొద్దున్నే కాసేపు నిలబడండి. టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మేస్త్రీలు, గుమస్తాలు, కాలేజీ పిల్లలు ఎంఎంటీఎస్ కోసం ఎదురుచూస్తుంటారు. పాతబస్తీలో ఎన్నో కుటుంబాలకు పొయ్యి వెలిగేది ఈ పట్టాల మీదే. వాటిని వేసిన చేతులు ఎవరివో మాత్రం ఏ స్టేషన్ గోడా చెప్పదు.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు మార్గం వచ్చింది. 1883లో ఆ మార్గాన్ని లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పగించే ఒప్పందం కుదిరింది. దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడికి ఇరవై ఏళ్లపాటు నూటికి 5 వంతున వడ్డీ నిజాం ఖజానా చెల్లించాలన్నదే ఆ గ్యారంటీ. చాందా (నేటి చంద్రపూర్) దాకా లైను వేసే ఆ ఒప్పందాన్ని ప్రశ్నించినవారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆ ఏడాదే ఆయన్ను హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు. డబ్బు పెట్టినవాడికి కంపెనీ పేరులోనే హామీ దొరికింది. తట్ట మోసినవాడికి ఆ పేరులో చోటు లేదు.

ఆ రోజుల్లో రైలు కట్టలు పోయడానికి, రాయి కొట్టడానికి దేశం మీద తిరిగినవాళ్లలో మన వడ్డెరలు ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, పిల్లాజెల్లాతో పని ఉన్నచోటికల్లా గుడిసెలు మార్చుకుంటూ పోయారు. బొంబాయి నుంచి దక్కన్‌కు రైలును ఎక్కించిన భోర్ ఘాట్ మీద 1861లో 42,000 మందికి పైగా పనిచేశారు. కలరాకూ జ్వరాలకూ వేల మంది బలయ్యారు. 1859లో అక్కడే చనిపోయిన కాంట్రాక్టర్ సాలమన్ ట్రెడ్‌వెల్ పేరు చరిత్రలో ఉంది. ఆయన తర్వాత పని నడిపించిన భార్య ఆలిస్ పేరూ ఉంది. కూలీల పేర్లే లేవు.

మలయా రబ్బరు తోటలకు పోయిన తెలుగువాళ్ల కథ ఇంకా బాధాకరం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తమిళ కూలీలతో పాటు వాళ్లనూ రైలు లైను వేయడానికి సయాం (నేటి థాయ్‌లాండ్) అడవులకు తోలింది. 1942, 43 సంవత్సరాల్లో వేసిన 415 కిలోమీటర్ల ఆ లైనును లోకం మృత్యు రైలుమార్గం అంటుంది. అక్కడ చనిపోయిన మిత్రదేశాల సైనికులకు పేర్లు చెక్కిన సమాధులున్నాయి. ఆసియా కూలీల్లో అత్యధికులకు సమాధి కూడా దక్కలేదు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. లాక్‌డౌన్‌లో దేశంలోని తొలి శ్రామిక్ రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సుమారు 1,200 మంది వలస కూలీలు ఎక్కారు. వారం తిరిగేసరికి, మే 8 తెల్లవారుజామున, ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీలు గూడ్సు రైలు కింద నలిగిపోయారు. జాల్నాలో ఫ్యాక్టరీ పని ఆగిపోతే, భుసావల్‌లో రైలు దొరుకుతుందని పట్టాలు పట్టుకుని నడుస్తున్న మధ్యప్రదేశ్ మనుషులు వాళ్లు. కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్లే ఆ దారి ఒకప్పటి నిజాం రైలు మార్గమే. పట్టాల మధ్య పడి ఉన్న వాళ్ల రొట్టెలు నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతాయి. ఇళ్లకు పోతూ దారిలో ఎంతమంది వలస కూలీలు చనిపోయారో తన దగ్గర లెక్క లేదని ఆ సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఊరు విడిచి వచ్చిన కూలీకి ప్రయాణ భత్యంతో పాటు స్థానభ్రంశ భత్యం కూడా ఇవ్వమంది. దాని స్థానంలో 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో స్థానభ్రంశ భత్యం లేదు. ఉన్న కొద్దిపాటి హామీ కూడా తరిగిపోయింది.

ఇప్పుడు పాతబస్తీకి మెట్రో రావాలి. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా ఇళ్లూ దుకాణాలూ పోగొట్టుకునేవాళ్ల పరిహారం గురించి మాట్లాడుకుంటున్నాం. అది న్యాయమే. అయితే ఆ స్తంభాలు ఎత్తబోయే బీహార్, జార్ఖండ్, ఒడిశా పిల్లల గురించి కూడా మాట్లాడాలి. పాలమూరు లేబర్ అనిపించుకుని పరాయి ఊళ్లలో మట్టి మోసినవాళ్లం మనం. కొడుకును గల్ఫ్‌కు పంపి ఫోను కోసం ఎదురుచూసిన తల్లులు ఈ గల్లీల్లోనే ఉన్నారు. పరాయి ఊరి కూలి బతుకు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడున్నాయి. పనిలోకి దిగిన ప్రతి కూలీ పేరు, ఊరు మొదటి రోజే రిజిస్టరులో ఎక్కాలి. ప్రమాదం జరిగితే ఇంటివాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పకుండా పరిహారం చేరాలి. రేపు చార్మినార్ మెట్రో స్టేషన్‌లో ప్రారంభోత్సవ ఫలకం పక్కన, ఆ స్టేషన్ కట్టినవాళ్ల పేర్లు కూడా చెక్కాలి.

బస్తీవాళ్లు చేయాల్సినవీ ఉన్నాయి. ఆ కూలీ మీ గల్లీలో గది అడిగితే తలుపు వేయకండి. జ్వరం వస్తే బస్తీ దవాఖానా దారి చూపించండి. ముందుగా, అతని పేరేమిటో అడగండి.