వగైరా, వగైరా

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో కొనుక్కున్న ఫ్లాట్‌లో రెండేళ్లలో మూడోసారి కిరాయిదారు మారాడు. ప్రతిసారీ అగ్రిమెంటు మీద సంతకానికి వాడు దొరకడు. "అన్నయ్యా, నీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ పంపించేస్తా, ఇక నన్ను అడగొద్దు" అన్నాడు. అన్నట్టే పంపించాడు. కవరు చింపి, కళ్లజోడు పెట్టుకుని, కాఫీ తాగుతూ చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీకి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది.

వాడికి కావలసినవి మూడే పనులు. కిరాయి అగ్రిమెంటు మీద సంతకం, ఆస్తి పన్ను చెల్లింపు, అసోసియేషన్ మీటింగులో వాడి బదులు నేను చెయ్యెత్తడం. కాగితం నాకిచ్చిన పనులు వేరు: సదరు ఫ్లాటును అమ్ముటకు, బయానా పుచ్చుకొనుటకు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుటకు, దావాలు వేయుటకు, రాజీ పడుటకు, నా బదులు ఇంకొకరిని నియమించుటకు, వగైరా. ఆ ఫ్లాటొక్కటే అనుకునేరు. 'ప్రస్తుతము నాకు గల, ఇకముందు సంక్రమించు సమస్త స్థిరచరాస్తులు' అని ఉంది. ఆఖరున, నేను ఏం చేసినా తాను స్వయంగా చేసినట్టే ఒప్పుకుంటానని హామీ. నాకు దుర్బుద్ధి పుట్టి ఉంటే, వాడు అక్కడ నిద్రలేచేలోపు ఇక్కడ బయానా నా జేబులో ఉండేది.

ఫోన్ చేశాను. "చదివావురా?" అన్నాను.

"డాక్యుమెంట్ రైటర్ ఫార్మాట్ ఇచ్చాడన్నయ్యా. అందరూ అదే పెడతారట. అయినా నువ్వు చదువుతావుగా!"

మన దస్తావేజుల్లో అన్నిటికంటే ఖరీదైన మాట ఏదంటే నేను 'వగైరా' అంటాను. నిజాం జమానాలో ఈ కాగితాన్ని ముక్త్యార్‌నామా అనేవారు. ముక్త్యారు అంటే మన అధికారం చేతబట్టినవాడు. ఆ పేరు వింటేనే కాస్త జంకు పుడుతుంది. ఇప్పుడు దాన్ని జీపీఏ అని మూడక్షరాలకు కుదించాం, జంకు కూడా అంతే కుంచించుకుపోయింది. ఇందులో మొదటి అక్షరం 'జనరల్'. ఒక్క పనికి, ఒక్క ఆస్తికి పరిమితం చేసి రాసే స్పెషల్ పవర్, అంటే ఎస్పీఏ, చట్టంలో మొదటి నుంచీ ఉంది. అడిగేవాళ్లే తక్కువ. మళ్లీ ఎప్పుడు ఏ అవసరం వస్తుందో, ఎన్నిసార్లు తిరుగుతాం, ఒకేసారి అన్నీ రాసిచ్చేస్తే పోలా అని లెక్క.

తిరుగుడు ఎక్కువే, ఒప్పుకుంటాను. విదేశంలో రాసిన పవర్ ఇక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెల్లాలంటే అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో సంతకం కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. టెక్సాస్ వాళ్లకు ఆ కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది. కాగితం ఇండియాలో అడుగుపెట్టిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించుకోవాలి. ఆ గడువు మాట మరిచిపోయి బీరువాలో పెట్టుకుని, అమ్మకం రోజున తీసి చూసి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. నానక్‌రామ్‌గూడలో అమెరికన్ కాన్సులేట్ ముందు మన పిల్లలు వెళ్లడానికి వరసలో నిలబడతారు. వెళ్లినవాళ్లు అక్కడ మన కాన్సులేట్ ముందు, ఇక్కడ వదిలిపెట్టిన ఆస్తి కోసం నిలబడతారు. పక్కనే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం 100 కోట్లు దాటిన చోట ఆ వరసలు తగ్గుతాయని ఎవరూ అనుకోరు.

ఇల్లూ పొలమూ అయితే కనీసం కాస్త ఆలోచిస్తాం. డబ్బు దగ్గర అదీ ఉండదు. పవర్ ఇవ్వడమంటే ఏమిటో ఈ దేశానికి పెద్ద పాఠం చెప్పిన కథ నేను ఉండే చోటికి కూతవేటు దూరంలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే జరిగింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్. హైదరాబాద్‌లో పుట్టి దేశమంతా కొమ్మలేసిన సంస్థ. మన ఊళ్లలో పబ్లిక్ ఇష్యూ దరఖాస్తు అంటే కార్వీ ఆఫీసుకెళ్లి తెచ్చుకోవడమే అన్న రోజులున్నాయి. రిటైరైన మేష్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు అందరూ దాని ఖాతాదారులే.

డీమ్యాట్ ఖాతా తెరిచేటప్పుడు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చేవారు. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయాలి. ఇరవయ్యో ముప్పయ్యో చేసి చెయ్యి విదుల్చుకునేవాళ్లం. అందులో ఒకటి పవర్ ఆఫ్ అటార్నీ. దాని అసలు ఉద్దేశం చిన్నదే: మనం షేర్లు అమ్మమంటే, ప్రతిసారీ మన స్లిప్పు కోసం ఎదురుచూడకుండా బ్రోకరు మన ఖాతాలోంచి ఆ షేర్లు తీసి అప్పజెప్పడానికి. ఇది ఐచ్ఛికమేనని, బలవంతంగా రాయించుకోకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2010లోనే చెప్పింది. పెన్సిల్ గుర్తు దగ్గర ఆగి, ఇది ఐచ్ఛికమా అని అడిగినవాళ్లెవరో నాకు చూపించండి.

2019 నవంబర్ 22న సెబీ ఉత్తర్వు వచ్చాక తెలిసింది ఆ సంతకం బరువు. ఖాతాదారుల షేర్లను కార్వీ తన పేరున ఉన్న ఖాతాలోకి మళ్లించి, బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. అప్పట్లో బయటపడిన లెక్క ప్రకారం 95 వేల మందికి పైగా ఖాతాదారులు, దాదాపు 2,300 కోట్ల రూపాయల షేర్లు. ఆ ఉత్తర్వులో నాకు బాగా గుర్తున్న వాక్యం ఒకటుంది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని పట్టుకుని కార్వీ ఏ ఆదేశమిచ్చినా పాటించవద్దని డిపాజిటరీలకు సెబీ చెప్పింది. అంటే అన్ని వేల మంది రాసిచ్చిన అధికారాన్ని, రాసినవాళ్లను ఒక్కరినీ అడగకుండా, ఒక్క కలం పోటుతో పక్కన పెట్టాల్సి వచ్చింది. అంతదాకా ఆ సంతకం తాము చేశామన్న సంగతే చాలామందికి గుర్తు లేదు.

పది రోజుల్లో సుమారు 83 వేల మంది షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి వచ్చాయి. మిగిలినవాళ్లకు ఎదురుచూపులు. 2020 నవంబర్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కార్వీని డిఫాల్టర్‌గా ప్రకటించింది. 2021 ఆగస్టులో సంస్థ అధిపతి సి. పార్థసారథిని హైదరాబాద్ సెంట్రల్ క్రైమ్ స్టేషన్ పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ ఇద్దరికీ, అంటే సంస్థకూ ఆయనకూ, ఏడేళ్లు మార్కెట్ నిషేధం, మొత్తం 21 కోట్ల జరిమానా వేసింది.

ఈ కథలో చాలామంది పట్టించుకోని ముక్క తర్వాత జరిగింది. 2022లో సెబీ బ్రోకర్ల పవర్ బదులు డీడీపీఐ అనే కాగితం తెచ్చింది. అందులో పనులు చాలా కొద్ది. నువ్వు అమ్మిన షేర్లు అప్పజెప్పడం, నీ మార్జిన్ కోసం తాకట్టు పెట్టడం, అలాంటివి మాత్రమే. వగైరా లేదు. వేల కోట్ల నష్టం జరిగాక నియంత్రణ సంస్థ కనిపెట్టిన మందు ఏమిటయ్యా అంటే, పని పేరు రాయండి, మిగతాది కొట్టేయండి అని. ఈ ముక్క మా తాతగారి ఊళ్లో కరణం కూడా చెప్పేవాడు. పాలేరుకు గాదె తాళం ఇస్తాం, ఇనప్పెట్టె తాళం ఇవ్వం కదా.

భూమి విషయానికొస్తే, జీపీఏని అమ్మకం దస్తావేజులా వాడేసిన కాలం ఒకటి నడిచింది. స్టాంపు ఖర్చు తగ్గుతుందని, సీలింగు గొడవ ఉండదని, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందామని చేతులు మారిన ప్లాట్లు ఈ చుట్టుపక్కల ఎన్నో. 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: పవర్ చేతులు మారితే ఆస్తి మారదు, రిజిస్టరైన అమ్మకం దస్తావేజుతోనే మారుతుంది. భార్యకో కొడుక్కో తోబుట్టువుకో నిజాయితీగా ఇచ్చుకునే పవర్ల జోలికి, డెవలప్‌మెంటుకు ఇచ్చినప్పుడు బిల్డరుకు రాసే పవర్ల జోలికి ఆ తీర్పు పోలేదు. బిల్డరుకిచ్చేదాన్ని మనవాళ్లు డీజీపీఏ అంటారు. దాని సంగతి వేరే వారం రాయాలి. ఒక్క మాట మాత్రం చెప్తాను: ఒప్పందంతో ముడిపెట్టి, అవతలివాడి లాభం కూడా కలిపి రాసిన పవర్‌ను, కోపమొచ్చిందని పొద్దున్నే లేచి రద్దు చేసేయడం కుదరదు.

మామూలు పవర్‌ను రద్దు చేసుకోవచ్చు. కానీ రద్దయిందని అవతలివాళ్లకు తెలిసేదాకా అది వాళ్ల మటుకు బతికే ఉంటుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం. 'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది' అంటూ ఈ పేపర్లోనే లోపలి పేజీల్లో కనిపించే బుల్లి ప్రకటనల వెనుక ఉన్నది ఆ సెక్షనే. బామ్మర్దితో చెడిన బావ, తమ్ముడితో చెడిన అన్న. వాటిని చదివితే ఒక్కో కుటుంబం కథ తెలిసిపోతుంది. నేను సినిమా పేజీ కంటే ముందు అదే చదువుతాను.

ఇంతదాకా చెప్పింది ఎక్కువ ఇవ్వడం గురించి. నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టే సంగతి ఇంకొకటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన, ప్రభుత్వ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆరేళ్ల కిందట, ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూతురి పేరు మీద పవర్ రిజిస్టర్ చేయించారు. రేపు నాకేమైనా అయితే అమ్మాయి చూసుకుంటుంది అన్నారు. ఇప్పుడాయనకు మతిమరుపు జబ్బు ముదిరింది. నన్ను చూసి, "మీరు ఏ డివిజన్లో చేస్తున్నారు?" అని అడుగుతారు. అమ్మాయి పెన్షన్ డబ్బు తీయాలి, ఆయాలకు జీతాలివ్వాలి, అవసరమైతే ఊళ్లో స్థలం అమ్మాలి. చేతిలో రిజిస్టరైన పవర్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవాడు చనిపోయినా, మతి తప్పినా ఏజెన్సీ ముగిసిపోతుంది. ఏ రోజు కోసం ఆయన ఆ కాగితం రాశారో, సరిగ్గా ఆ రోజునే అది చచ్చిపోయింది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది నమ్మశక్యం కాదు. అక్కడ మతి తప్పినా నిలిచే 'డ్యూరబుల్' పవర్ అన్ని చోట్లా దొరుకుతుంది. ఇంటి లోను తీసుకున్నంత మామూలుగా రాసుకుంటారు. ఇంగ్లండ్‌లో 1986 నుంచే ఆ వీలుంది. 2007 నుంచి 'లాస్టింగ్ పవర్' అని కొత్త రూపంలో, ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేస్తేనే చెల్లేలా పెట్టారు. సింగపూర్‌లోనూ ఉంది. మన దగ్గర 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, వైద్యం విషయంలో మన తరఫున మాట్లాడే మనిషిని ముందే ఎంచుకోనిస్తుంది. ఆస్తి మాట ఎత్తదు. వేలిముద్ర వేయలేని ముసలివాళ్ల ఖాతా నడపడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి, కాలి వేలి ముద్రయినా పనికొస్తుంది. అది ఒంటికి పనికొచ్చే ఏర్పాటు, మతికి పనికిరాదు. ఇక మిగిలేది హైకోర్టు. కోమాలో ఉన్నవాళ్లకు సంరక్షకుణ్ని నియమించడానికి చట్టం లేదని చూసి, కేరళ హైకోర్టు 2019లో తానే మార్గదర్శకాలు రాసుకుంది. ఆయా జీతం కోసం ప్రతి కూతురూ రిట్ పిటిషన్ వేయాలా?

ఆచరణలో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. నాన్నకు మతి సరిగా లేదని బ్యాంకులో చెప్పరు. చెబితే ఖాతా ఆగిపోతుంది. పవర్ చూపించి, నాన్నగారు బాగున్నారండీ అని నవ్వి వచ్చేస్తారు. తండ్రి మీద ప్రేమ ఉన్న పిల్లలూ అదే చేస్తున్నారు, ఆస్తి మీద కన్నున్న పిల్లలూ అదే చేస్తున్నారు. కౌంటర్లో కూర్చున్న గుమాస్తాకు ఇద్దరికీ తేడా తెలిసే దారి లేదు. నిజాయితీపరుల చేత అబద్ధమాడించే చట్టం చెడ్డ చట్టమని నా తీర్పు. 140 ఏళ్ల నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టాన్ని పార్లమెంటు తెరవాలి. మతి తప్పాక కూడా నిలిచే పవర్‌కు చోటివ్వాలి. దాన్ని ఇద్దరు డాక్టర్ల మాట మీదే అమల్లోకి తేవాలి, ఏటా లెక్క చూపించాలి. పిల్లలందరూ విమానం ఎక్కేసిన గచ్చిబౌలి కంటే ఈ చట్టం అవసరమైన చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? మన ఎంపీలెవరైనా ఒక ప్రైవేటు బిల్లు పెడితే ఆ రోజు ఈ శీర్షిక వారికే అంకితం.

అందాకా, బుద్ధి బాగున్న రోజుల్లోనే చేయగలిగినవి చేయండి. ఖాతాలు ఇద్దరి పేరు మీద పెట్టుకోండి. వీలునామా రాయండి, అది మీ తరఫున పవర్ ఉన్నవాడు కూడా రాయలేడు. కాగితం ఎవరికిచ్చినా, ఏ పనికో, ఏ ఆస్తికో, ఎన్నాళ్లకో రాయండి.

మా తమ్ముడి కాగితం నేను తిప్పి పంపించాను. వాడికి కోపమొచ్చింది, పిన్నికి అంతకంటే ఎక్కువ వచ్చింది. నెల తర్వాత కొత్తది వచ్చింది. ఒకటిన్నర పేజీ. ఒక్క ఫ్లాటు, కిరాయి వరకే, మూడేళ్లు. ఫ్లాటు నంబరు దగ్గర రైటరు ఒక అంకె తప్పు కొట్టాడట. దాన్ని మావాడు పెన్నుతో దిద్ది, పక్కన పొట్టి సంతకం చేశాడు. ఈసారి చదివాడు.

– బాటసారి