గోడ కూలితే జవాబుదారీ ఎవరు?

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల రూపురేఖలు మన కళ్లముందే మారిపోయాయి. మొదటిది నాగ్‌పూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద, రెండవది కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఆ రెంటినీ కలిపింది. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట పక్కన విస్తరిస్తూనే ఉంది. గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు, విల్లాలు, అపార్ట్‌మెంట్లు ఏటేటా లేస్తున్నాయి. సెంట్రింగ్, వెల్డింగ్, ఫాల్స్ సీలింగ్, రంగులు, కరెంటు పనులు గుత్తకు పట్టి నలుగురైదుగురు కూలీలతో చేయించే చిన్న కాంట్రాక్టర్లలో మన సోదరులు ఎందరో ఉన్నారు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (స) బోధ వారికి తెలుసు. అయితే పనిచోట ఒక ప్రాణం పోతే చెల్లించవలసింది ఎంత, దాన్ని ఎక్కడినుంచి తేవాలి అన్న లెక్క చాలా ఇళ్లలో వేసుకోరు. ఈ నెల ఆ లెక్క గురించే మాట్లాడుకుందాం.

ఇది ఊహకోసం వేసుకున్న ప్రశ్న కాదు. 2024 మే 7న కురిసిన భారీ వర్షానికి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలో, నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంట్ రిటైనింగ్ గోడ కూలి పక్కనున్న కూలీల గుడిసెల మీద పడింది. ఏడుగురు మరణించారు. వారిలో నాలుగేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. పొట్ట చేతపట్టుకుని ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలవి. అటువంటి గోడలు కట్టేవారు, వాటి పక్కన కూలీలకు నీడ చూపించేవారు మన మధ్య కూడా ఉన్నారు.

ధర్మశాస్త్రం చూపే దారి

పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు పశ్చాత్తాపపడితే సరిపోదనీ, మృతుని కుటుంబానికి దియత్, అంటే ప్రాణ పరిహారం చెల్లించాలనీ దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా 92వ ఆయత్ ఆదేశిస్తోంది. ముస్లిములతో ఒప్పందం ఉన్న జాతివాడు మరణించినా ఆ ఆదేశం వర్తిస్తుంది. వారసులు తమంతట తాము క్షమిస్తే అది వారి ఔదార్యం. క్షమించమని వారిని ఒత్తిడి చేసే హక్కు మనకు లేదు.

హనఫీ ధర్మశాస్త్ర గ్రంథమైన హిదాయాలో ఒరిగిన గోడ గురించి ప్రత్యేక చర్చ ఉంది. దారి వైపు ఒరిగిన గోడను తీసివేయమని ఎవరైనా సాక్షుల ఎదుట హెచ్చరించిన తరువాత, తీయడానికి వ్యవధి ఉండీ యజమాని తీయకపోతే, అది కూలి జరిగిన నష్టానికి అతడే జవాబుదారీ. హెచ్చరించినవాడు ముస్లిమా, ముస్లిమేతరుడా అన్న తేడా లేదు. మొదటినుంచీ వంకరగానే కట్టిన గోడ అయితే హెచ్చరిక కూడా అక్కరలేదు. ఎనిమిది శతాబ్దాలకు పూర్వం రాసిన ఈ సూత్రాన్ని నేటి సెంట్రింగ్‌కూ, పరంజాకూ, మూత వేయని సంపు గుంతకూ వర్తింపజేసుకోవడం కష్టమేమీ కాదు.

మరి ఒక పేదవాడు అంత పరిహారం ఎలా చెల్లించగలడు? దీనికి ఇస్లాం చూపిన మార్గం ఆఖిలా. పొరపాటున జరిగిన మరణానికి దియత్‌ను అతని వర్గమంతా పంచుకుని మూడేళ్ల వాయిదాల్లో చెల్లించేది. మొదట ఆ వర్గం వంశమే. హజ్రత్ ఉమర్ (ర) కాలంలో సైనిక దీవాన్‌లో పేర్లున్నవారు ఒకరికొకరు ఆఖిలా అయ్యారు. వృత్తిని బట్టి ఒకరినొకరు ఆదుకునే జనం ఉంటే ఆ వృత్తివారే వారి ఆఖిలా అని హనఫీ పండితులు చెప్పిన మాట మన మేస్త్రీలు గమనించదగినది. బాధితుని హక్కు తగ్గకూడదు, బాధ్యుడి ఇల్లు కూలకూడదు అన్న రెండు ఉద్దేశాలూ ఈ ఏర్పాటులో ఉన్నాయి.

చట్టం చెప్పే లెక్క

మన దేశంలో ఈ బాధ్యతను నిర్ణయించింది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని నియమాలను 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ పొందుపరిచారు. పనిలో ప్రమాదం జరిగి కూలీ మరణిస్తే, నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరిలో కేంద్రం ప్రకటించిన ప్రకారం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ వేతనం 15,000 రూపాయలు. 30 ఏళ్ల వ్యక్తికి గుణకం 207.98. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు అవుతుంది. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి ఏర్పడితే సగానికి బదులు 60 శాతం లెక్కిస్తారు. అప్పుడు అదే వ్యక్తికి 18,71,820 రూపాయలు. నెలలోపు చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా కూడా ఉంటుంది.

మరణం విషయంలో కూలీ హెల్మెట్ పెట్టుకోలేదనో, చెప్పిన మాట వినలేదనో వాదించినా చెల్లదు. అడ్డా మీదినుంచి ఆ ఒక్క రోజుకే తెచ్చుకున్నాం అన్నా చెల్లదు. వ్యాపారం కోసం కట్టించే బిల్డరు తన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినా, కూలీ కుటుంబం నేరుగా బిల్డరునే అడగవచ్చు. బిల్డరు ఆ సొమ్మును తిరిగి కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక దురలవాటు గురించి చెప్పక తప్పదు. ప్రమాదం జరిగిన రాత్రే పెద్దమనుషులు కూర్చుని, శవాన్ని సొంత ఊరికి పంపే ఖర్చూ, మరికొంత సొమ్మూ ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. మరణ పరిహారాన్ని పరిహార కమిషనర్ వద్ద జమ చేయాలని చట్టం చెబుతోంది. చేతికిచ్చి కాగితం రాయించుకున్నది చెల్లింపు కిందికి రాదు. మూడు నెలల వేతనం వరకు ముందుగా ఇచ్చిన సొమ్మును మాత్రమే మినహాయిస్తారు. చట్టం మాట అటుంచి, భర్తను పోగొట్టుకున్న స్త్రీ తెలియనితనాన్ని అడ్డుపెట్టుకుని ఆమె హక్కును కోసివేయడం ఏ విశ్వాసికి తగుతుంది?

ఏ పాలసీ దేనికి?

కూలీలకు జరిగే హానికి ఉద్యోగుల పరిహార పాలసీ ఉంది. దీని ప్రీమియం మనం ప్రకటించిన వేతనాల మీద ఆధారపడుతుంది. ప్రీమియం తగ్గించుకోవడానికి పదిమందితో పని చేయిస్తూ నలుగురి పేర్లే చూపిస్తే క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది, పైగా అది అబద్ధపు సాక్ష్యం. దారినపోయేవారికి, పక్కింటివారికి జరిగే హాని పబ్లిక్ లయబిలిటీ పాలసీ కిందికి వస్తుంది. కాంట్రాక్టర్ల ఆల్ రిస్క్ పాలసీలో నిర్మాణానికి జరిగే నష్టంతోపాటు ఇతరులకు కలిగే నష్టానికి కూడా ఒక భాగం ఉంటుంది. ఒక ప్రమాదానికి ఎంత వరకు, ఏడాది మొత్తానికి ఎంత వరకు అన్న పరిమితులను చదివించుకుని తీసుకోవాలి. ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.

పది మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలకు ఈఎస్ఐ ఉంది. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారు దాని పరిధిలోకి వస్తారు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్లవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏటా 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా కూలీ కుటుంబానికి ఆసరాయే. అయితే ఈ చివరి రెండూ కాంట్రాక్టరు బాధ్యతను తీర్చవు.

బీమా గురించి షరీఅత్ మాట

స్థిర ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమా ఒప్పందంలో అనిశ్చితి ఉన్నందున అది నిషిద్ధమనీ, పరస్పర సహకార బీమా ధర్మసమ్మతమనీ 1985లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. సూడాన్‌లో 1979లో తొలి తకాఫుల్ సంస్థ వెలిసింది. మలేషియా 1984లో దానికి చట్టమే చేసింది. మన దేశంలో తకాఫుల్ కంపెనీ లేదు. వాహనాల థర్డ్ పార్టీ బీమా వంటి చట్ట నిర్బంధాల విషయంలో పండితులు వెసులుబాటు చూపారు. పాలసీ లేనిదే గేటు పాసు ఇవ్వని ఫ్యాక్టరీలో పని పట్టేవారు ఆ పరిస్థితిని దాచకుండా తమ ముఫ్తీ గారికి వివరించి ఫత్వా అడగాలి. ఫత్వా ఏదైనా, పరిహారపు బాధ్యత మాత్రం తొలగిపోదు. బీమా వద్దనుకున్నవారు ఆ సొమ్ముకు మరో ఏర్పాటు చూపుకోవాలి. మసీదు పరిధిలోని మేస్త్రీలు కలిసి సహాయ నిధి పెట్టుకోవడం మంచిదే. అయితే అది సహాయమే తప్ప బీమా అని ప్రకటించరాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బీమా వ్యాపారం చేయడం నేరం.

పాలసీ ఉందని పరంజా కట్టడంలో అలసత్వం చూపితే అది మరో పాపం. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే క్రిమినల్ కేసును ఏ బీమా కంపెనీ మోయదు, పరలోక విచారణను అసలే మోయలేదు.

కనుక ఈ నెలలో ప్రతి కాంట్రాక్టరు ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని మూడు పనులు పూర్తి చేయాలని మా విన్నపం. కూలీల పేర్లు, వయసు, కూలి, సొంత ఊళ్లో వారసుల ఫోను నంబర్లతో హాజరు పుస్తకం తెరవండి. అల్‌బఖరా సూరా 282వ ఆయత్ నేర్పినట్టు బిల్డరుతో ఒప్పందాన్ని కాగితం మీద పెట్టి, ప్రమాద పరిహారం ఎవరిదో అందులో రాయించండి. పైన చెప్పిన లెక్కను మీ కూలీలకు వర్తింపజేసి, ఆ సొమ్ము ఎక్కడినుంచి వస్తుందో నిర్ణయించుకోండి.

ఇతరుల హక్కు మెడమీద లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.