పెండ్లి పిలుపులూ, కంప్యూటరు పద్దూ

సోమందేపల్లెలో పెండ్లి పెట్టుకుంటే పిలుపులు ఊళ్ళోనే కాదు, బెంగుళూరులోనూ ఉంటాయి. వానలు తప్పిన ఏండ్లలో పనికోసం వెళ్ళి అక్కడే నిలిచిపోయిన చుట్టాలకూ మనకూ నడుమ ఉన్న దారమల్లా ఫోను నంబరే.

మొన్న ఒక యింట మనుమరాలు పిలుపుల పట్టీ వేద్దామని కంప్యూటరులోని చిరునామాల పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి దింపింది. తీరా చూస్తే యలహంక అవ్వ నంబరూ, పీణ్య మామ నంబరూ ఒకటే! రెండూ 9.19, పక్కన 'ఈ ప్లస్ 11'.

"తాతా, చుట్టాలంతా ఒకే ఫోను పెట్టుకున్నారే!" అన్నదా పిల్ల.

ఎక్సెల్ లెక్కల గుమాస్తా. 91తో కలిసి 12 అంకెలు కనబడగానే పెద్ద మొత్తమనుకొని కుదించి చూపుతుంది. చూపినంతవరకు నష్టం లేదు. అట్లాగే సి.ఎస్.వి. ఫైలుగా భద్రపరిచారో, చివరి అంకెలు పోయినట్లే.

కనుక ఆ ఫైలును నేరుగా తెరవకండి. ఖాళీ ఎక్సెల్‌లో 'డేటా' కింద 'ఫ్రమ్ టెక్స్ట్/సి.ఎస్.వి.' నొక్కండి. తెలుగు పేర్లు పిచ్చిగీతలు కాకుండా 'యు.టి.ఎఫ్.-8' ఎంచుకోండి. 'డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్' అంటే నంబర్లు ఉన్నవున్నట్లే దిగుతాయి. తిరిగి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు పై వరుస శీర్షికలను మార్చవద్దు. అన్నిటికన్న ముందు అసలు ఫైలుకు నకలొకటి విడిగా దాచండి.

ఆ యింట నకలుండబట్టి పట్టీ చక్కబడింది. తాత మాత్రం, "పట్టీ సరే గాని, యలహంక చెల్లెలికి నేనే ఫోను చేస్తానమ్మా. లేకుంటే పిలిచినట్లు కాదు" అన్నాడు.