గోడ ఊపిరి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పాత ఇల్లు మరమ్మతు చేయించి చూడమని మాత్రం అనలేదు. వినేవాళ్లు జడుసుకుంటారని ఊరుకుని ఉంటారు.

బందరులో మా ఇల్లు తాతగారు కట్టించినది. పెరటి వైపు గోడలకు పైపూత లేదు. ఎర్రని ఇటుకలు, వాటి మధ్య గానుగ సున్నం. ఎనిమిదేళ్ల క్రితం దక్షిణపు గోడలో సందుల సున్నం రాలిపోయి చీమలు కాపురం పెట్టాయి. ఒక కంట్రాక్టరును పిలిచాను.

"సున్నం ఏం నిలుస్తుంది మాస్టారూ! సిమెంటు పెట్టిస్తే మీ మనవల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

వ్యాకరణం చెప్పుకునేవాడికి మనవల మీద ఆశ ఉంటుంది గాని, ఇటుకలను గురించి ఏం తెలుస్తుంది? సరేనన్నాను. మూడు రోజుల్లో గోడ పెళ్లికొడుకులా తయారయింది.

మూడో ఏటికల్లా సిమెంటు గీతలు చట్రంలా నిలిచి, మధ్య ఇటుకలు పొడిపొడిగా రాలి గుంటలు పడ్డాయి. రోజూ పొద్దున్నే మా ఆవిడ ఆ ఎర్రపొడి ఊడ్చి నా వంక ఒకసారి చూసేది. ఏమీ అనేది కాదు. అదే కష్టం.

ఈ ఏడు పడమటి గోడ వంతు వచ్చింది. గుడివాడలో ఉన్న మా బావగారితో మొర పెట్టుకుంటే, ఆయన దివిసీమ నుంచి ఒక తాపీ మేస్త్రీని పంపారు. అరవైకి దగ్గరపడిన మనిషి. దక్షిణపు గోడ మీది తెల్లని పొడిని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పండి. మన నేలలో ఉన్నదే. చెమ్మతోపాటు గోడెక్కుతుంది. సున్నం మెత్తన, చెమ్మ ఆ సందుల్లోంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసింది. ఇక చెమ్మ ఇటుకలోంచే పోవాలి. నీరు పోతుంది, ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుక మొహం పగలగొడుతుంది."

"సున్నం కూడా అరుగుతుంది కదయ్యా?"

"అరగడానికేనండీ అది ఉన్నది. చెప్పు అరిగితే మార్చుకుంటాం. పాదమే అరిగితే?"

నాకు సిగ్గు వేసింది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి సుమారు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకున్న ప్రాంతం మాది. 1977 నవంబరు 19న సముద్రం దివిసీమ మీద పడ్డప్పుడు ఈ మేస్త్రీ పదేళ్ల పిల్లవాడట. ఉప్పు సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా?

పని మూడు వారాలు పట్టింది. పాత సున్నాన్ని సన్నని ఉలితో అంగుళం లోతు తీశాడు. మిషను పెడితే ఇటుక అంచు తెగుతుందన్నాడు. దుమ్ము దులిపి గోడ తడిపాడు. తొట్టిలో నానబెట్టి వెన్నలా చేసిన సున్నం ఒక పాలు, ఏటి ఇసుక మూడు పాళ్లు; సముద్రపు ఇసుక ముట్టుకోనివ్వలేదు. సందుల్లో కుక్కి, వారం పైగా తడి గోనెలు కప్పి ఉంచాడు. ఖర్చు సిమెంటు పనికి రెట్టింపు అయింది.

"దక్షిణపు గోడ సిమెంటు కూడా తీసెయ్యి" అన్నాను ఉత్సాహంగా.

తల అడ్డంగా ఊపాడు. "గట్టిగా పట్టేసిందండి. లాగితే ఇటుక కూడా వస్తుంది. వదులైన చోట మాత్రం తీస్తాను."

గట్టిదల్లా మంచిదనుకోవడం నా తప్పు. ఆ తప్పు దిద్దడానికి కూడా వీల్లేనంత గట్టిగా పట్టుకుంది! పాత ఇళ్లున్నవారు మేస్త్రీని బేరమాడే ముందు, అసలు గోడలో ఉన్నదేమిటో చూడమనండి. సున్నపు గోడకు సున్నమే చుట్టం.

పడమటి గోడ పెళ్లికొడుకులా లేదు; తాతగారిలా ఉంది. దక్షిణం వైపు ఎర్రపొడి ఇంకా రాలుతూనే ఉంది. అటు ఊడ్చే పని మాత్రం ఇప్పుడు నాది.