పరాయి కొండ మీద మన చెప్పులు



అమెరికాలో ఉంటున్న మన సంఘపు పిల్లలు కొందరు సెలవులకు హవాయి దీవులకు వెళ్లి, అక్కడి అగ్నిపర్వతాల ఫొటోలు మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అవి చూసిన ఒక పెద్దాయన చర్చి మెట్ల మీద మమ్మల్ని ఆపి, "అయ్యగారూ, అది వాళ్ల దేవత ఉండే కొండంట కదా, మనవాళ్లు పోవచ్చా?" అని అడిగారు. పక్కనున్న కుర్రవాడిది వేరే ప్రశ్న: "అక్కడి లావా రాయి ఒకటి తెప్పించుకుంటే తప్పా అయ్యగారూ?"

ఆ పూట ఇద్దరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాం. మేము ఆ దీవులు చూసినవాళ్లం కాదు. కానీ తెలిసినంతలో మా అభిప్రాయం ఇది: పోవచ్చు. అయితే చుట్టాల్లా పోవాలి, సంతకు పోయినట్టు కాదు.

హవాయి పెద్ద దీవి మీద కీలవేయా, మౌనా లోవా అనే రెండు అగ్నిపర్వతాలున్నాయి. 1916లోనే వాటిని జాతీయ పార్కులో చేర్చారు. 1987లో యునెస్కో ఆ పార్కును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కరిగిన రాయి పారి, చల్లారి, కొత్త నేల అవుతుంది. ఆ నల్లటి నేల మీద మొదట వేళ్లూనే చెట్లలో ఒకటి ఎర్రపూల ఓహియా. సృష్టి పని ఇంకా సాగుతూనే ఉందని కళ్లారా చూడటం విశ్వాసికి నష్టమేమీ కాదు.

ఇక దేవత మాట. ఆ కొండ పేలే అనే దేవత నివాసమని స్థానికుల నమ్మకం. 1824లో క్రైస్తవురాలైన కపియోలని అనే హవాయి నాయకురాలు, పోవద్దని తనవాళ్లు బతిమాలినా వినకుండా, రోజుల తరబడి ప్రయాణించి కీలవేయా బిలం దగ్గరికి వెళ్లింది. పేలేకు నైవేద్యం పెట్టకుండా తినకూడదన్న ఓహెలో పండ్లు తిని, అక్కడే ప్రార్థన చేసింది. సెమినరీలో విన్న ఈ సంగతిని మేము ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పాం. ఇప్పుడు ఆలోచిస్తే సగమే చెప్పామనిపిస్తోంది. ఆమె వెళ్లింది తన సొంత కొండకు. నిలబడింది తన సొంత జనం మధ్య. ప్రాణం పోతుందని అందరూ నమ్మిన చోట నిలబడింది. టికెట్ కొనుక్కుని వెళ్లిన మనం అక్కడ నవ్వులాటగా మాట్లాడితే, అది విశ్వాసం కాదు, మర్యాద లేకపోవడం. ఆమెకు ప్రాణభయం ఉంది. మనకు పోయేదేముంది?

రాయి సంగతికి వస్తే, అక్కడ రాయి తీసుకోవడం చట్టప్రకారం నేరం. తీసుకెళ్లినవాళ్లలో కొందరు కీడు జరుగుతుందన్న భయంతో పోస్టులో తిప్పి పంపుతుంటారు. భయంతో తిప్పి పంపడం కాదు, అసలు తీయకపోవడమే మనకు తగినది.

పక్కనే ఉన్న మావీ దీవిలో హాలేయాకలా అనే మరో అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 3,055 మీటర్లు. దాని పైభాగంలో వెండిలా మెరిసే ఆకుల మొక్క ఒకటి పెరుగుతుంది. పేరు సిల్వర్‌స్వర్డ్. ఆ రకం లోకంలో ఇంకెక్కడా లేదు. అది దశాబ్దాల పాటు బతికి, ఒక్కసారే పూసి, చనిపోతుంది. ఒకప్పుడు కొండెక్కినవాళ్లు, ఎక్కామని చూపించుకోవడానికి దాన్ని పీకి తెచ్చుకునేవాళ్లు. 1920ల నాటికి అది దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. వాళ్లెవరూ దుర్మార్గులు కారు. ఒక్కొక్కరూ "ఒక్కటేగా" అనుకున్నారు. మన పాపాల్లో చాలా భాగం ఆ ఒక్క మాటతోనే మొదలవుతాయి.

ఇంకో సంగతి. 2018లో కీలవేయా పొంగినప్పుడు దిగువన ఉన్న పునా ప్రాంతంలో 700కు పైగా ఇళ్లు పోయాయి. మనం ఫోన్లో చూసి "ఎంత బాగుందో" అన్న ఆ మంట, కొన్ని కుటుంబాలకు వంటగది పోయిన రోజు. అక్కడ నిలబడ్డప్పుడు వాళ్లకోసం ఒక్క మాట ప్రార్థన చేయలేమా?

ఓహియా చెట్లను చంపుతున్న ఒక తెగులు బూట్లకంటిన మట్టితో కూడా వ్యాపిస్తుందట. అందుకని నడకదారుల మొదట్లో బూట్లు దులుపుకోవడానికి బ్రష్షులు పెట్టారు. మండుతున్న పొద దగ్గర మోషే చెప్పులు విడిచిన సంగతి మనకు తెలుసు. మన పిల్లలు అక్కడ వంగి బూట్లు దులుపుకుంటే, అది కూడా ఆ కోవలోదే అంటాం మేము.

పెద్దాయనకు మా జవాబు: పోనివ్వండి, గౌరవంగా పోయి రమ్మనండి. కుర్రవాడికి మా జవాబు: రాయి వద్దు నాయనా, ఫొటో చాలు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.